మెట్లు ఎక్కుతానని మాటిచ్చాను, ఒళ్లు ఒప్పుకోవడం లేదు

తిరుపతి నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, వీధి బయటపెట్టొద్దన్నారు. అందుకే ఉత్తరాన్ని నా మాటల్లో కుదించి చెబుతున్నాను.

ఆమెకు 41 ఏళ్లు. ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ ఆఫీసులో పని. ఇంట్లో భర్త, ఇంటర్ చదివే కొడుకు, అత్తగారు. ఒక్కగానొక్క తమ్ముడు కిడ్నీలు పాడై మూడేళ్ల కిందట పోయాడు. అంతకుముందు రెండేళ్ల పాటు వారానికి మూడుసార్లు డయాలసిస్. తమ్ముడి కాపురం రేణిగుంటలో, లిఫ్టు లేని ఇంట్లో, మూడో అంతస్తులో. డయాలసిస్ చేయించుకుని వచ్చిన రోజు 54 మెట్లు ఎక్కడానికి అతనికి అరగంట పట్టేదట. మరదలు ఒక చేత్తో అతన్ని, ఇంకో చేత్తో సంచీని పట్టుకుని ఎక్కించేదట.

ఈ ఏడాది మొదట్లో బెంగళూరులో ఉండే పెద్దనాన్న మనవడు ఒక సంగతి చెప్పాడు. అక్కడ 48 అంతస్తుల భవనంలో మెట్లెక్కే పోటీ పెడుతున్నారు. మొత్తం 1,080 మెట్లు. పాల్గొనేవాళ్లు తెలిసినవాళ్ల దగ్గర విరాళాలు పోగుచేయాలి. ఆ డబ్బు పేద డయాలసిస్ రోగుల రానుపోను ఖర్చులకు, మందులకు పోతుంది. ఆమె ఆ పూటే పేరు ఇచ్చేశారు. "ఏటా రెండుసార్లు కొండకు నడిచే పోతాను, నాకు 1,080 మెట్లు ఒక లెక్కా అనుకున్నాను" అని రాశారు. తమ్ముడి ఫొటోతో ఒక కార్డు చేయించి ఫోన్లో అందరికీ పంపారు. 63 మంది కలిసి 1,12,500 రూపాయలు ఇచ్చారు. డబ్బు ఆమె సొంత ఖాతాలోనే ఉంది. పోటీకి ఇంకా ఏడు వారాలుంది.

అత్తగారి మాట ఇది: "మెట్లెక్కాలంటే మన కొండ లేదా ఏంది? స్వామి మెట్లు ఇడిసిపెట్టి యెవురో కట్టిన మేడమెట్లు ఎక్కేదానికి బెంగుళూరు పొయ్యేదేందమ్మా?" భర్తది ఇంకో మాట. ఊరంతా చెయ్యి చాపావు, రేపు ఎక్కలేకపోతే నా మొహం ఎక్కడ పెట్టుకోను అని. కాలేజీ ప్రిన్సిపాల్ 10,000 నగదు ఇచ్చి, కాలేజీ పేరున్న టీషర్టు వేసుకోవాలనీ, పైకి చేరాక బ్యానర్ పట్టుకుని ఫొటో దిగాలనీ చెప్పారు.

ఇంతలో ఒళ్లు అడ్డం తిరిగింది. ఉదయం అయిదింటికి తమ అపార్ట్‌మెంట్లో అయిదు అంతస్తులూ ఎక్కుతూ దిగుతూ సాధన చేసేవారు. ఒకరోజు నాలుగో విడతలో కళ్లు బైర్లు కమ్మి, గుండె దడదడలాడి మెట్ల మీదే కూర్చుండిపోయారు. రక్తపరీక్షలో హీమోగ్లోబిన్ 9.1 వచ్చింది. డాక్టరమ్మ మాత్రలు రాసి, పొట్ట స్కానింగ్ చేయించుకు రమ్మని, పోటీ మాట పక్కనబెట్టమన్నారు. ఈమె స్కానింగ్‌కు పోలేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నెలసరి ఎనిమిది రోజులుంటుందని ఒక మూల సగం వాక్యంలో రాశారు.

ఆమె ప్రశ్నలు నాలుగు. ఎక్కాలా, మానాలా? మానితే డబ్బు వాపసు ఇవ్వాలా? పెద్దనాన్న మనవడు తన బదులు ఎక్కుతానంటున్నాడు, పంపొచ్చా? అవేవీ కాకుండా, ఎవరికీ చెప్పకుండా మాత్రలు మింగుతూ పోయి మెల్లగా ఎక్కి వస్తే తప్పా?

ఆరో పేజీ చివర, సంతకానికి పైన, ఇంకో రెండు వరుసలున్నాయి. కార్డు చూసిన మరదలు ఫోన్ చేసి, "వదినా, ఆయన ఫొటో పెట్టే ముందు నన్ను ఒక్క మాట అడగాల్సింది" అని పెట్టేసిందట. నెల రోజులుగా మాటల్లేవు. "అది వేరే సంగతి లెండి" అని ముగించారు.

అమ్మా,

అది వేరే సంగతి అని నాకు అనిపించలేదు. అక్కడికి చివర్లో వస్తాను. ముందు ఒంటి సంగతి మాట్లాడుకుందాం, దాన్ని ఏడు వారాలు ఆపి ఉంచడం కుదరదు కాబట్టి.

ఆడవాళ్లకు హీమోగ్లోబిన్ కనీసం 12 గ్రాములుండాలి. మీకు 9.1 ఉంది. ఊపిరితిత్తుల నుంచి ఒంట్లోని ప్రతి కండకూ ప్రాణవాయువును మోసుకుపోయేది అదే. తిరుపతి నుంచి కొండకు నాలుగు బస్సులు నడవాల్సిన చోట మూడే ఉన్నాయనుకోండి. జనం తగ్గరు కదా. ఉన్న మూడింటినే ఘాట్ రోడ్డు మీద గబగబా తిప్పాలి. మీ గుండె ఆ రోజు చేసిన పని అదే. దడ వచ్చింది మీ చేతగానితనం వల్ల కాదు, సాధన చాలక అంతకన్నా కాదు. పట్టుదల పెంచి ఇంకో రెండు విడతలు ఎక్కినంత మాత్రాన లేని బస్సు రాదు.

దీనికి మందుంది. ఐరన్ మాత్రలు సరిగ్గా వేసుకుంటే, ఒంటికి పడితే, నెలలో ఒకటి నుంచి రెండు గ్రాములు పెరగడం మామూలే. మాత్ర వేసుకునే వేళకు కాఫీ, టీ దగ్గరికి రానివ్వకండి, అవి ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. కాల్షియం మాత్ర కూడా అంతే, దాన్ని వేరే పూటకు మార్చండి. నిమ్మరసం మేలు చేస్తుంది. మలం నల్లగా వస్తే హడలిపోకండి, ఆ మాత్రలకు అది మామూలు. అయితే ఒక పక్క తొట్టిలో నీళ్లు పోస్తూ ఇంకో పక్క చిల్లు వదిలేస్తే ఏం లాభం? ఎనిమిది రోజుల నెలసరి ఆ చిల్లు కావచ్చు. గర్భాశయంలో గడ్డలుండొచ్చు, ఏమీ లేకపోనూ వచ్చు. ఆ సంగతి తేల్చడానికే డాక్టరమ్మ స్కానింగ్ రాశారు. మన ఆడవాళ్లం ఆ మాటను ఉత్తరంలో కూడా సగం వాక్యంలో దాచేస్తాం. నేనూ ఆ వయసులో దాచినదాన్నే, అందుకే చెబుతున్నా. మీ మిగతా ప్రశ్నలన్నిటికీ రెండు మూడు దారులు చూపిస్తాను కానీ దీనికి మాత్రం నా దగ్గర ఒకటే మాట ఉంది. ఈ వారంలో స్కానింగ్‌కు వెళ్లండి. అప్పటిదాకా అపార్ట్‌మెంటు మెట్ల మీద సాధన ఆపండి. ఛాతీలో బరువుగా అనిపించినా, మళ్లీ కళ్లు తిరిగినా అపాయింట్‌మెంట్ కోసం కూర్చోకుండా ఆ పూటే ఆస్పత్రికి పోండి.

కొండకు నడిచే మనిషిని, ఇదొక లెక్కా అనుకున్నారు. తిరుపతిలో పుట్టినవాళ్లు ఎవరైనా అలాగే అనుకుంటారు. అలిపిరి దారి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు 2,388. వాటి ముందు 1,080 చిన్న సంఖ్యే. అయితే సంఖ్య ఒకటే చూస్తే సరిపోదు. అలిపిరిలో పాదాల మండపం దగ్గర మొదలుపెట్టి గాలిగోపురం దాకా నిట్టూరుస్తూ ఎక్కుతాం. అక్కడ కూర్చుని ఏదో ఒకటి తింటాం. ఆ తర్వాత చాలా దూరం దారి చదునుగా ఉంటుంది, జింకల్ని చూస్తూ నడుస్తాం. మోకాళ్ల పర్వతం దగ్గర మళ్లీ తెలుస్తుంది కాళ్లున్నాయని. మీకు మూడున్నర గంటలు పడుతుందని రాశారు. అంటే నిమిషానికి 17 మెట్లు. ఆ మేడలో 1,080 మెట్లు 20 నిమిషాల్లో ఎక్కాలంటే నిమిషానికి 54. మూడింతలకు పైన! గాలి ఆడని మెట్లదారి, చెట్టు లేదు, మలుపు మలుపుకీ అవే సిమెంటు గోడలు. ఎక్కాక గొంతు ఎండి గంటల తరబడి దగ్గు వదలని వాళ్లున్నారు. కొండ మనల్ని ఆగమంటుంది. గడియారం పెట్టిన మేడ ఆగనివ్వదు.

మీ అత్తగారి మాటను మీరు కోపంతో రాశారు. నాకు మాత్రం ఆవిడ సగం కరెక్టేననిపించింది, ఏమనుకోకండి. మొక్కుకూ పందేనికీ తేడా ఉందని ఆవిడ తనకు తెలిసిన భాషలో చెప్పారు. మోకాళ్ల మీద ఎక్కేవాళ్లున్నారు, మెట్టుమెట్టుకూ వంగి పసుపు కుంకుమ పెడుతూ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎక్కేవాళ్లున్నారు. వాళ్లనెవరూ ఎన్ని నిమిషాలు పట్టిందని అడగరు. ఈ ఏడు కుదరకపోతే వచ్చే ఏడు తీరుస్తామని దణ్ణం పెట్టుకుంటే మొక్కు ఆగుతుంది. ఆవిడ పొరపడింది ఎక్కడంటే, మేడమెట్లు ఎక్కడం పనిలేని పని అనుకోవడంలో. న్యూయార్క్‌లోని ఎంపైర్ స్టేట్ భవనంలో 1978 నుంచి ఇలాంటి పోటీ జరుగుతోంది. 86 అంతస్తులు, 1,576 మెట్లు. ఆస్ట్రేలియా వాడు పాల్ క్రేక్ 2003లో 9 నిమిషాల 33 సెకన్లలో ఎక్కేశాడు. అదే దేశపు సూజీ వాల్షమ్ ఆ పోటీని 10 సార్లు గెలిచింది. రెండేసి మెట్లు దాటుతూ, పక్కనున్న కమ్మీని చేతులతో లాగుతూ ఎక్కడం వాళ్లకొక విద్య. ఆ విద్యను ఆస్పత్రుల కోసం, రోగుల కోసం డబ్బు పోగు చేయడానికి వాడుకుంటున్నారు. అందులో తప్పేముంది? ఒకరోజు తీరిగ్గా అత్తగారికి ఇదంతా చెప్పి చూడండి. ఒప్పుకోకపోయినా ఆవిడకు కాలక్షేపం.

ఇప్పుడు ఎక్కాలా, మానాలా అన్న ప్రశ్న. మీరు దాన్ని రెండు ముక్కల్లో అడిగారు గానీ, మధ్యలో చాలా చోటుంది.

ఏడు వారాలు తక్కువ కాలమేమీ కాదు. స్కానింగ్‌లో పెద్దగా ఏమీ తేలకపోతే, నాలుగైదు వారాల మాత్రల తర్వాత మళ్లీ రక్తపరీక్ష చేయించుకుని డాక్టరమ్మను కలవండి. ఈసారి "పోటీకి పోవచ్చా" అని కాకుండా, "గడియారం లేకుండా, ప్రతి అయిదు అంతస్తులకూ కూర్చుంటూ ఎక్కొచ్చా" అని అడగండి. రెండు ప్రశ్నలకూ జవాబులు వేరుగా ఉంటాయి. విరాళాల కోసం పెట్టే పోటీల్లో మెల్లగా నడిచి ఎక్కేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వాళ్లను చివరి జట్టుల్లో వదులుతారా, మధ్య అంతస్తుల్లో నీళ్లూ, నర్సులూ ఉంటారా, చాలనుకున్న చోట పక్కకు తప్పుకుని లిఫ్టు ఎక్కనిస్తారా అని నిర్వాహకులకు ముందే ఫోన్ చేసి అడగండి. ఈ దారిలో నాకున్న భయమల్లా మీ స్వభావం గురించే. కళ్లు బైర్లు కమ్మితే గానీ ఆగని మనిషి, ఆ సంగతి ఇంట్లో చెప్పని మనిషి, 30వ అంతస్తులో కెమెరాల ముందు ఆగుతుందా? ఆగుతానని మీకు మీరు నిజాయితీగా చెప్పుకోగలిగితేనే ఈ దారి. ఇంకోటి, దిగడం మాత్రం లిఫ్టులోనే. ఎక్కేటప్పుడు ఆయాసం, దిగేటప్పుడు మోకాళ్లు. మర్నాడు తొడలు పట్టేసి కుర్చీలోంచి లేవలేకపోయేది ఎక్కినందుకు కాదు, దిగినందుకు.

రెండోది, ఈ ఏడు మానుకోవడం. దీనికి చెల్లించాల్సిన వెల అంటే 63 మందికి చెప్పుకోవడం, మీవారు "నే చెప్పలా" అనే అవకాశం. అంతే. మీ ఉత్తరమంతా ఆ భయంతోనే నిండి ఉంది గానీ, చెప్పేశాక అది రెండు రోజుల గోల. వచ్చే ఏడు రక్తం 12 దాటాక ఎక్కితే, ఇప్పుడు ఇచ్చినవాళ్లే మళ్లీ ఇస్తారు. కొంతమంది ఇవ్వరు. ఇవ్వకపోనీండి.

అబ్బాయిని పంపడం మూడోది. వరసకు మేనల్లుడు, కుర్రాడు, సరదాగా ఎక్కేస్తాడు. నిర్వాహకులను అడిగి, పేరు మార్పించి పంపితే ఏ చిక్కూ లేదు. మార్చడం కుదరదంటే మాత్రం మీ నంబరు బిళ్ల తగిలించి పంపొద్దు. దారిలో వాడికేమైనా అయితే ఆ నంబరు చూసి పిలిచే ఫోన్ మీది, అందులో రాసి ఉండే వయసు, రక్తపు గ్రూపు మీవి. ఇక వాడు ఎక్కి, పేరు మీకు రావడమంటారా? తమ్ముడి పేరు మీద చేసే పనిలో ఆ చిన్న అబద్ధం మీకే సహించదు.

నాలుగోది, ఎవరికీ చెప్పకుండా పోయి రావడం. తప్పా అని అడిగారు. తప్పొప్పుల సంగతి అటుంచి, అది మీకు పనికొచ్చే దారి కాదు. బాగా జరిగితే, మీ ఒంట్లో రక్తం లేని సంగతి ఇంట్లో ఎప్పటికీ తెలియదు, చికిత్స వెనకబడుతుంది. బాగా జరక్కపోతే, తమ్ముణ్ని పోగొట్టుకున్న ఇంట్లో ఇంకోసారి ఫోన్ మోగుతుంది.

డబ్బు సంగతి దీంతో ముడిపెట్టకండి. మీరిందులో ఒక చిక్కుముడి వేసుకున్నారు. ఆ 1,12,500 మీ కాళ్లకు కట్టిన కూలి అన్నట్టు, ఎక్కకపోతే తినేసినట్టు అనుకుంటున్నారు. వాళ్లు ఇచ్చింది రోగులకు. డయాలసిస్‌కు ప్రభుత్వ పథకం కింద ఆస్పత్రి ఖర్చు గడిచినా, వారానికి రెండు మూడుసార్లు బస్సు ఛార్జీలు, తోడొచ్చిన మనిషికి పోయిన కూలి, మధ్యాహ్నం తిండి, ఇవి చాలావరకు ఇంటివాళ్ల మీదే పడతాయి. మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ డబ్బు మీ ఖాతాలో పడి ఉన్న ఒక్కో వారం ఎవరికో ఒకరికి ఆ ఛార్జీ అందని వారం. పైగా సొంత ఖాతాలో ఇంటి ఖర్చుల మధ్య ఉన్న పరాయి డబ్బు మీద, మీరెంత నిజాయితీపరులైనా, ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారు.

కాబట్టి ముందు అందరికీ ఒక సందేశం పంపండి. పెద్దగా వివరణ అక్కర్లేదు. ఇలా ఉంటే చాలు: "ఆరోగ్యం బాగోలేక పోటీలో ఎక్కగలనో లేదో తెలియడం లేదు. మీరిచ్చిన డబ్బు మొత్తం వచ్చే ఆదివారం డయాలసిస్ నిధికి పంపుతున్నాను. నేను ఎక్కితేనే ఇవ్వాలనుకున్నవాళ్లు ఈలోగా చెప్పండి, మీ డబ్బు మీకు పంపేస్తాను." జబ్బు పేరు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఒకరిద్దరు అడుగుతారు, వెంటనే ఇచ్చేయండి. మిగతాది పంపి రసీదు ఫొటో అందరికీ పెట్టండి. పంపేముందు ఒక మాట కనుక్కోండి. ఎవరి విరాళానికి వాళ్ల పేరున రసీదు ఇస్తారా అని. మొత్తం ఒకేసారి మీ ఖాతా నుంచి పోతే రసీదు మీ పేరున వస్తుంది, పన్నులో విరాళాల మినహాయింపు అడుగుదామనుకున్నవాళ్లకు దక్కదు. నగదుగా 2,000 మించి ఇచ్చినదానికైతే ఆ మినహాయింపు ఎలాగూ లేదు.

ఆ నగదు మాట వస్తే మీ ప్రిన్సిపాల్ గారు గుర్తొస్తున్నారు. టీషర్టు, బ్యానర్, పైన ఫొటో, వీటికిచ్చిన 10,000ను విరాళం అంటారా, ప్రకటన అంటారా? మీ ఉద్యోగం ఆయన చేతిలో ఉంది కాబట్టి తెగతెంపులు చేసుకోమని నేననను. "సార్, ఎక్కడం ఖాయం కాదు, బ్యానర్ మాట ఇవ్వలేను. డబ్బు ఉంచమంటే నిధికి పంపుతాను, లేదంటే ఇదిగో" అని కవరుతో సహా ముందు పెట్టండి. నలుగురి ముందు కాదు, గదిలో. ఎక్కువమంది ఆ కవరు వెనక్కి తీసుకోవడానికి మొహమాటపడతారు. తీసుకున్నా మీకు పోయేదేమీ లేదు, 30వ అంతస్తులో ఆగాలనిపించినప్పుడు మీ వీపు మీద ఒక బరువు తగ్గి ఉంటుంది.

మీవారి గురించి రెండు పేజీలు రాశారు, రెండూ ఆయన అన్న మాటలే. మధ్యలో ఒకచోట, అనుకోకుండా, ఒక పని రాశారు. తెల్లవారుజామున మీరు మెట్లెక్కుతుంటే ఆయన కింద పిట్టగోడ మీద కూర్చునేవారని, వాచ్‌మన్ ఈ గోలేంటని అడిగితే ఆయనే సర్దిచెప్పారని. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషి అయిదింటికి వచ్చి అందరికీ కనిపించేలా గోడ మీద కూర్చుంటాడా? ఆయనకు భయంగా ఉంది, దాన్ని పరువు అనే పేరుతో చెబుతున్నారని నాకు తోచింది. నేను పొరబడొచ్చు, మనిషిని నేను చూడలేదు. రక్తపరీక్ష కాగితం ఆయన చేతికిచ్చి, స్కానింగ్‌కు తోడు రమ్మని అడగండి. "నే చెప్పలా" అని ఒకసారి అంటారు. అననివ్వండి. ఆటోలో పక్కన కూర్చునేది ఆయనే.

ఇక మరదలు.

2001 సెప్టెంబరు 11న న్యూయార్క్ జంట భవనాలు కూలినప్పుడు 343 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. వాళ్ల జ్ఞాపకంగా అమెరికాలో చాలా ఊళ్లలో ఏటా 110 అంతస్తులకు సమానమైన మెట్లు ఎక్కుతారు. ఎక్కే ఒక్కొక్కరూ పోయినవాళ్లలో ఒకరి పేరూ ఫొటో ఉన్న బిళ్లను వెంట తీసుకెళ్తారు. అది పందెం కాదు, ఎవరు ముందు చేరారన్న లెక్క ఉండదు. మీరు కార్డు మీద తమ్ముడి ఫొటో పెట్టినప్పుడు మీ మనసులో ఉన్నది కూడా అలాంటిదేనని నాకు తెలుసు. అయితే ఆ కార్డు 63 మంది ఫోన్లలోకి పోయింది, అక్కడి నుంచి ఇంకెన్నిటిలోకో. ఒకరోజు పొద్దున్నే ఎవరో ఒకరు మీ మరదలికి దాన్నే పంపించి ఉంటారు. చిక్కిపోయిన రోజుల ఫొటోనా, బాగున్న రోజుల ఫొటోనా, మీరు రాయలేదు. ఏదైనా, కింద యూపీఐ నంబరు ఉంటుంది కదా. భర్త మొహం కింద డబ్బు నంబరు చూసిన మనిషి ఫోన్ చేసి అరవలేదు, ఒక్క మాట అడగాల్సింది అని మాత్రమే అంది.

నాకు లెక్కలు వేసే జబ్బుంది. వారానికి మూడుసార్లు, రెండేళ్లు, అంటే 300 సార్లకు పైనే. పూటకు నాలుగు గంటలు ఆవిడ ఆ కుర్చీ పక్కన కూర్చుంది. వచ్చాక 54 మెట్లు, ఒక చేత్తో మనిషి, ఇంకో చేత్తో సంచీ. కూడితే 16,000 పైచిలుకు మెట్లు. దానికి ఎవరూ చందా ఇవ్వలేదు. ఈ మాట మిమ్మల్ని నొప్పించడానికి అనడం లేదు. తమ్ముడు మీకూ తమ్ముడే, మీ దుఃఖం ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. ఫొటోకు మాత్రం అడగాలి. అంతకు మించి, ఆ మెట్ల కథ మీరు చూసింది, ఆవిడ ఎక్కింది.

ఇక్కడా దారులున్నాయి. కార్డు ఆపేసి, ఫొటో లేకుండా మళ్లీ పంపి ఊరుకోవచ్చు. అది జరగాల్సిందే, ఈ రోజే జరగాల్సింది, కానీ దాంతో మాటలు కలవవు. ఎవరితోనైనా కబురు పంపొచ్చు. నేనైతే వద్దంటాను, మధ్యవర్తి నోట క్షమాపణ ఫిర్యాదులా వినిపిస్తుంది. లేదా మీరే పోవచ్చు. పోతే ఆవిడ మాట్లాడొచ్చు, మాట్లాడకపోవచ్చు. ఫొటో వద్దు, పేరు కూడా వద్దు అనొచ్చు. అప్పుడు మీరు ఎక్కినా మీ పేరు మీదే ఎక్కాలి. దానికి సిద్ధపడే పోండి. పోయినప్పుడు కార్డు వాపసు తీసుకున్నానని చెప్పండి, అడక్కుండా పెట్టడం తప్పేనని చెప్పండి, "మంచి పనికే కదా" అన్న మాట మాత్రం నోట రానీయకండి. డబ్బు ఎవరికి ఎలా చేరితే నిజంగా ఉపయోగమో ఆవిడకు తెలిసినంత మీకూ నాకూ తెలియదు, ఆ బెంగళూరు నిర్వాహకులకూ తెలియదు. అడగాలనిపిస్తే అడగండి, మొదటి రోజే కాదు.

తలుపు తీసి "రా వదినా" అంటే ఆ పూటకు అదే చాలు. కాఫీ ఇస్తే తాగండి, మాత్ర వేళ కాకుండా చూసుకోండి. ఆ ఇల్లు ఇప్పటికీ మూడో అంతస్తేనని, లిఫ్టు ఇంకా లేదని రాశారు. ఒక్కో అంతస్తు దగ్గరా ఆగి, కమ్మీ పట్టుకుని మెల్లగా ఎక్కండి.